మారిన్ ఎచింగ్ వేలానికి పెడితే ఎంతొస్తుంది?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: న్యూజెర్సీలో ఒక ఎస్టేట్ సేల్‌లో (ఒక ఇంటి సామానంతా అమ్మేసే చోట) ఫ్రేము కట్టిన చిన్న నలుపు–తెలుపు బొమ్మ కొన్నాం. స్తంభాల మీద వెళ్లే రైలు దారి, దాని చుట్టూ ఒరిగిపోతున్నట్టు మేడలు. బొమ్మలోనే 'మారిన్' అని గీసి ఉంది. బొమ్మ చుట్టూ కాగితం లోపలికి నొక్కుకుపోయిన గీత ఉంది, దాని కొలత సుమారు 17.5 × 22 సెంటీమీటర్లు. జాన్ మారిన్ ప్రింట్లకు ఇంటర్నెట్‌లో ఒకచోట వందల డాలర్లు, ఒకచోట వేల డాలర్లు కనిపిస్తున్నాయి. మాది ఏ లెక్కలోకి వస్తుంది? వేలానికి పెట్టవచ్చా? – ఒక పాఠకురాలు

జవాబు: కాసేపు ధర సంగతి వదిలేసి, మీ దగ్గరున్న కాగితం ఏమిటో తేల్చుకోండి. మారిన్ ఎచింగుల్లో (లోహపు ప్లేటు మీద ఆమ్లంతో గీతలు తొలిచి, వాటిలో సిరా నింపి కాగితం మీద తీసే అచ్చుల్లో) ఒకటి మామూలు ధరకు పోతే, పక్కనున్నది దానికి ఎన్నో రెట్లు పలుకుతుంది. అసలు ఒకే బొమ్మకు చెందిన రెండు ప్రతుల మధ్యే మూడు నాలుగు రెట్ల తేడా రావచ్చు.

అమెరికన్ చిత్రకారుడు మారిన్ 1870లో న్యూజెర్సీలోని రూథర్‌ఫర్డ్‌లో పుట్టాడు, 1953లో కన్నుమూశాడు. 1905 నుంచి 1910 దాకా ఎక్కువగా పారిస్‌లో ఉండి వెనిస్, పారిస్, ఆమ్‌స్టర్‌డామ్ దృశ్యాలను ఎచింగులుగా చెక్కాడు. వాటిలో ముందు తరం అమెరికన్ చిత్రకారుడు విస్లర్ ప్రభావం స్పష్టంగా కనిపిస్తుంది. గీత సున్నితంగా ఉంటుంది, కట్టడాలు కుదురుగా నిలబడి ఉంటాయి. న్యూయార్క్‌కు తిరిగొచ్చాక ఆ గీతే మారిపోయింది. 1913లో వూల్‌వర్త్ బిల్డింగ్, బ్రూక్లిన్ బ్రిడ్జిల మీద చేసిన ప్లేట్లలో మేడలు ఊగుతాయి, వంతెన తీగలు విరుచుకుపడతాయి. మారిన్‌ను అమెరికన్ ఆధునికుల ముందు వరసలో నిలబెట్టినవి ఈ ప్లేట్లే. 'వూల్‌వర్త్ బిల్డింగ్ (ది డాన్స్)', 'బ్రూక్లిన్ బ్రిడ్జ్ నం. 6 (స్వేయింగ్)' లాంటివి మంచి స్థితిలో వేలానికి వస్తే పాట పదివేల డాలర్లు దాటడం కొత్త కాదు. యూరప్ దృశ్యాలు చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉన్నా వీటి దరిదాపుల్లోకి రావు.

మీరు చెప్పిన దృశ్యం, కొలత కలిపి చూస్తే అది 'డౌన్‌టౌన్, ది ఎల్' అయ్యే అవకాశం ఎక్కువ. 'ఎల్' అంటే న్యూయార్క్ వాసులు ఎత్తున నడిచే రైలుకు పెట్టుకున్న పొట్టి పేరు. 1921 నాటి ప్లేటు ఇది. దీన్ని 'ది న్యూ రిపబ్లిక్' పత్రిక 1924లో ఆరు అమెరికన్ ఎచింగుల సంపుటిలో చేర్చి చందాదారులకు అందించింది. అందుకే ఇది అచ్చయిన ప్రతులు వందల్లో ఉన్నాయి, వేలాలకు తరచుగా వస్తూనే ఉంటుంది. 1913 నాటి న్యూయార్క్ ప్లేట్ల ధర దీనికి అంటగట్టవద్దు. పేరున్న చేయి, మంచి బొమ్మ, కానీ అందుబాటులో ఉన్న ప్రతులు ఎక్కువ. ఇలాంటివి సాధారణంగా వందల డాలర్ల నుంచి కొద్ది వేల దాకా పలుకుతాయి. ఆ మధ్యలో మీది ఎక్కడ నిలుస్తుందో కాగితమే చెప్పాలి.

ముందు అది నిజమైన ఎచింగేనా చూడండి. పది రెట్లు పెద్దది చేసే భూతద్దం చాలు. నల్లని గీత ఒకదాన్ని పట్టుకుని దాని వెంటే చివరిదాకా వెళ్లండి. ఎచింగులో ప్లేటు గాడిలోని సిరాను తడి కాగితం పైకి లాక్కుంటుంది. అందువల్ల ముదురు గీత కాగితం మీద కాస్త ఉబ్బి, చిన్న గట్టులా నిలబడుతుంది. గది చీకటి చేసి, టార్చిని కాగితానికి పక్కగా, దాదాపు సమాంతరంగా పెడితే ఆ గట్ల నీడలు కనిపిస్తాయి. అలా కాకుండా గీత ఒకే వరసలో పేర్చిన చుక్కలుగా విడిపోతే, అది పుస్తకంలోంచో పోస్టర్‌లోంచో వచ్చిన ఫొటో అచ్చు. చుక్కలు వరస లేకుండా చిమ్మినట్టుంటే ఇంక్‌జెట్. ఫొటో నుంచి ప్లేటు చేసి తీసే ఫొటోగ్రావ్యూర్ మాత్రం మోసం చేస్తుంది. దానికీ బొమ్మ చుట్టూ ప్లేటు నొక్కు ఉంటుంది, సిరా కూడా గాడుల్లోంచే వస్తుంది. కానీ భూతద్దం కింద దాని గీత అంచు తెగినట్టు ఉండదు, సన్నని రవ్వగా చెదిరి కనిపిస్తుంది.

ప్లేటు నొక్కు ఉన్నంత మాత్రాన నమ్మేయకండి. ఆఫ్‌సెట్ అచ్చు చుట్టూ సిరా లేని ఉత్త ప్లేటుతో నొక్కు వేసిన కాగితాలు బజార్లో తిరుగుతున్నాయి. అసలు ప్లేటు అంచుకు కాస్తో కూస్తో సిరా అంటుకుంటుంది. నొక్కు గీత వెంట సన్నని బూడిద రంగు, లోపలి ఖాళీ జాగాలో తుడవగా మిగిలిన పలుచటి సిరా పొర కనిపించాలి. దీన్నే ప్లేట్ టోన్ అంటారు. నొక్కుకు లోపలా బయటా కాగితం ఒకే తెలుపులో మెరుస్తుంటే అనుమానించాల్సిందే.

ఇక కొలతలు. నొక్కు అంచు నుంచి అంచుకు ఎత్తు, వెడల్పు మిల్లీమీటర్లలో రాసుకోండి, ఎత్తును మొదట రాయండి. తర్వాత కాగితం మొత్తం కొలవండి. కాగితం తడిసి ఆరినప్పుడు కొద్దిగా కుదించుకుపోతుంది కాబట్టి రెండు మూడు మిల్లీమీటర్ల తేడా వస్తే కంగారు పడనక్కరలేదు. సెంటీమీటరు తేడా వస్తే మాత్రం అది వేరే ప్లేటో, తర్వాత తీసిన నకలో అయ్యుంటుంది.

వీటిని పోల్చుకోవడానికి కార్ల్ జిగ్‌రోసర్ తయారుచేసిన మారిన్ ఎచింగుల సంపూర్ణ జాబితా ఉంది. ఫిలడెల్ఫియా మ్యూజియం ఆఫ్ ఆర్ట్ 1969లో దాన్ని ప్రచురించింది. వేలం పట్టికల్లో 'జిగ్‌రోసర్ 134' లాంటి అంకె కనిపించేది ఆ జాబితాలోని వరస సంఖ్యే. 'ది ఎల్' సంఖ్య ఇదే. పెద్ద నగర గ్రంథాలయాల్లో పుస్తకం దొరుకుతుంది. మారిన్ కుటుంబం నుంచి పెద్ద సంఖ్యలో పనులు అందుకున్న వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్ తన ప్రతుల చిత్రాలను, కొలతలను అందరికీ తెరిచి ఉంచింది. మీ ప్రతిని ఆ చిత్రం పక్కన పెట్టి గీత గీతా పోల్చండి. ఏదైనా నీడ ఒకదాంట్లో ఉండి రెండోదాంట్లో లేకపోతే అది 'స్టేట్' తేడా కావచ్చు. అంటే కళాకారుడు ప్లేటును మధ్యలో సవరించి మళ్లీ అచ్చు తీశాడన్నమాట. తొలి స్టేట్ ప్రతులు తక్కువగా ఉంటాయి, ధర ఎక్కువ పలుకుతాయి. అయితే అచ్చు తీసేటప్పుడు తక్కువ సిరా పట్టి గీత మసకబారినా అచ్చం స్టేట్ తేడాలాగే కనిపిస్తుంది. ఇక్కడ తొందరపడి 'అరుదైన తొలి స్టేట్' అని రాసి పంపితే, వేలం సంస్థ మీ మిగతా మాటలను కూడా నమ్మదు.

ఒక్క మాట, పెన్సిల్ సంతకం గురించి. 'బొమ్మలోనే గీసి ఉంది' అన్నారు కదా, అది ప్లేటులోని సంతకం. ప్రతి కాపీలోనూ అదే వస్తుంది, దానికి విడిగా ధర లేదు. బొమ్మ కింద ఖాళీ మార్జిన్‌లో పెన్సిల్‌తో చేసిన సంతకం ఉందేమో వెతకండి. మ్యాట్ (ఫ్రేములో బొమ్మ చుట్టూ ఉండే, మధ్యలో కిటికీలా కోసిన అట్ట) దాన్ని కప్పేసి ఉండవచ్చు. పెన్సిల్ అయితే పక్క వెలుతురులో సన్నగా మెరుస్తుంది, నొక్కి రాసి ఉంటే కాగితం వెనక ఉబ్బు తెలుస్తుంది. ఒకే ప్లేటు ప్రతుల్లో చేతి సంతకం ఉన్నదానికే గిరాకీ ఎక్కువ.

ఇప్పుడు ధర. అదే శీర్షిక గత పదేళ్లలో వేలంలో ఎప్పుడెప్పుడు అమ్ముడైందో ఐదారు ఫలితాలు సేకరించండి. దుకాణాల్లో అంటించి ఉన్న 'అడుగుతున్న ధర'లను తీసి పక్కన పెట్టండి, వాటికి ఎవరూ డబ్బు కట్టలేదు. ప్రతి ఫలితం పక్కనా నాలుగు సంగతులు రాయండి: పెన్సిల్ సంతకం ఉందా, మార్జిన్లు పూర్తిగా ఉన్నాయా, కాగితం స్థితి ఏమిటి, ఆ ధరలో కొనుగోలుదారు ప్రీమియం (పాట ధర మీద కొన్నవారు సంస్థకు అదనంగా కట్టేది) కలిసి ఉందా లేదా. ఆఖరిది చాలామంది మర్చిపోతారు. ఒక డేటాబేస్ పాట ఆగిన ధరను ఇస్తుంది, ఇంకోటి ప్రీమియం కలిపి ఇస్తుంది. రెండింటినీ కలిపేస్తే లెక్క పాతిక శాతం తప్పుతుంది. అమ్ముడుపోకుండా తిరిగొచ్చిన సందర్భాలనూ రాసుకోండి. ఎక్కడ పాట ఆగిపోయిందో అవే చెబుతాయి. మీ ప్రతిని పోలినవి రెండో మూడో మిగులుతాయి. వాటి మధ్య ధరే మీ అసలు ధర. పట్టికలో వేసే అంచనా అంతకంటే కొంచెం కింద మొదలవ్వాలి. తక్కువ అంచనా చూసి ఇద్దరు ముగ్గురు పోటీకి దిగితే ధర దానంతటదే పెరుగుతుంది. మొదటే ఎక్కువ పెడితే ఎవరూ చెయ్యి ఎత్తరు, అమ్ముడుపోని మరక రెండు మూడేళ్లు ఆ ప్రతిని వదలదు.

ప్రశ్న: మా అట్టముక్క లోపలి అంచు వెంట బొమ్మ చుట్టూ గోధుమ రంగు గీత పడింది. అక్కడక్కడా తుప్పు చుక్కలు. వేలానికి ముందు శుభ్రం చేయిస్తే మంచి ధర వస్తుందా?

జవాబు: చేయించకండి, కనీసం వేలం సంస్థ నిపుణుడు చూసేదాకా.

ఆ గోధుమ గీతను మ్యాట్ బర్న్ అంటారు. పాత అట్టలు చవక కలప గుజ్జుతో చేసేవారు. అందులోని ఆమ్లం ఏళ్ల తరబడి ఊరి, కిటికీ కోసిన అంచు దగ్గర కాగితాన్ని మాడుస్తుంది. చుక్కలను ఫాక్సింగ్ అంటారు, తేమ వల్లా కాగితంలోని లోహపు రేణువుల వల్లా వస్తాయి. కిటికీ లోపలి భాగమంతా మ్యాట్ కింద దాగిన భాగం కంటే పసుపుగా ఉంటే అది వెలుతురు మరక. ఈ మూడూ పేపర్ కన్సర్వేటర్ (పాత కాగితాలను బాగుచేసే నిపుణులు) చాలావరకు తగ్గించగలరు. అయితే నీటిలో ముంచి బరువు కింద ఆరబెట్టేటప్పుడు జాగ్రత్త లేకపోతే ప్లేటు నొక్కు చదునైపోతుంది, ఉబ్బిన సిరా గట్లు అణిగిపోతాయి. బ్లీచింగ్ ఎక్కువైతే కాగితం సుద్దలా తెల్లబడి జీవం పోతుంది. అలవాటైన కళ్లు దీన్ని అర నిమిషంలో పట్టేస్తాయి. లేత మరక ఉన్నా ఎవరూ ముట్టని ప్రతినే సేకర్తలు ఇష్టపడతారు. కొన్నాక తమకు నచ్చిన కన్సర్వేటర్‌తో తామే చేయించుకుంటారు. పైగా వెయ్యి డాలర్ల ప్రింట్‌కు కొన్ని వందలు పెట్టి మరమ్మతు చేయిస్తే ఆ ఖర్చు తిరిగి రాదు.

మీరు చేయగలిగిన పని ఒకటుంది, ఫ్రేములోంచి జాగ్రత్తగా తీయడం. ముందు ఫ్రేము వెనక భాగం ఫొటో తీయండి. పాత గ్యాలరీ చీటీ, సుద్దతో రాసిన అంకె, ఫ్రేము కట్టినవారి లేబుల్ ఏది ఉన్నా అది ఆ ప్రతి చరిత్ర. ఫ్రేము పారేసినా దాన్ని పారేయకూడదు. బల్ల మీద శుభ్రమైన తెల్ల గుడ్డ పరిచి, ఫ్రేమును బోర్లా పెట్టి, వెనక కాగితాన్ని అంచు వెంట కోసి, చిన్న మేకులను పక్కకు వంచి బయటికి లాగండి. అద్దానికి కాగితం అతుక్కుందేమో చూడండి. అతుక్కుని ఉంటే అక్కడితో ఆపండి, లాగితే సిరా అద్దంతో వెళ్లిపోతుంది. బొమ్మ మ్యాట్‌కు పైన రెండు చిన్న కాగితపు కీళ్లతో వేలాడుతుంటే అదృష్టం. కీళ్లను పీకకండి, అలాగే మడత తీసి వెనక వైపు చూడండి. సెల్లో టేపు ఉంటే దాని జోలికి అసలు పోవద్దు, జిగురుతో పాటు కాగితం పై పొర లేచొస్తుంది. అలా పలచబడిన చోటు వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే తెల్లగా కనిపిస్తుంది, దాన్ని పట్టికలో తప్పకుండా రాస్తారు.

బాధ కలిగించే లోపాలు వేరు. కాగితం మొత్తాన్ని అట్టకు అతికించేస్తే (డ్రై మౌంట్) ధర సగానికి సగం పడిపోవచ్చు. ఫ్రేములో పట్టాలని ఎవరో మార్జిన్లు కత్తిరించి నొక్కు గీత దాకా తెచ్చినా అంతే. నొక్కును కూడా దాటి కోస్తే ఇక దాన్ని తీవ్రమైన సేకర్త కొనడు. మరక పోగొట్టవచ్చు. కోసిన కాగితాన్ని మళ్లీ తేలేం.

ప్రశ్న: మా తాతగారింట్లో 1924 నాటి 'ది న్యూ రిపబ్లిక్' సంపుటిలోని షీట్లు మూడు దొరికాయి. ఒకటి హాపర్‌ది. దేని మీదా '12/50' (యాభై ప్రతుల్లో పన్నెండోది) లాంటి నంబర్ లేదు. నకిలీలా?

జవాబు: నంబర్ లేకపోవడం లోపం కాదు. అమెరికాలో ఆ రోజుల్లో ప్రతి షీటుకూ పెన్సిల్‌తో నంబర్ వేసే అలవాటు లేదు. అది పద్ధతిగా స్థిరపడింది తర్వాతి దశాబ్దాల్లోనే. నిజానికి 1920ల ఎచింగు మీద అలాంటి నంబర్ కనిపిస్తేనే ఎవరు, ఎప్పుడు వేశారని అడగాలి.

ఆ ఆరు ఎచింగులు మారిన్, ఎడ్వర్డ్ హాపర్, జాన్ స్లోన్, పెగ్గీ బేకన్, కెన్నెత్ హేస్ మిల్లర్, ఎర్నెస్ట్ హాస్కెల్‌లవి. ఒకే సంపుటిలో, ఒకేసారి వచ్చినా, ధరలో ఆరింటికీ పొంతన లేదు. హాపర్ షీటు 'నైట్ షాడోస్', 1921 నాటిది. రాత్రి వీధి మలుపులో ఒక్క మనిషి, పై అంతస్తు నుంచి చూసినట్టు, స్తంభం నీడ దారికి అడ్డంగా పడి ఉంటుంది. ప్లేటు సుమారు 17.5 × 20.8 సెంటీమీటర్లు. మిగతా అయిదూ కలిపినా దాని ధరకు సాటి రావు. హాపర్ 1923 తర్వాత ఎచింగులు దాదాపు మానేశాడు, మొత్తం చేసినవే సుమారు 70. అతని పేరు మీదున్న గిరాకీకి ఆ సంఖ్య ఏ మూలకూ చాలదు. మీ మూడింట్లో హాపర్‌ను మిగతా రెండింటితో కలిపి ఒకే లాట్‌గా పెట్టనివ్వకండి, విడిగా అమ్మమని ఒప్పందంలోనే రాయించండి. అతని విషయంలో పెన్సిల్ సంతకం ఉండటం లేకపోవడం వేల డాలర్ల తేడా తెస్తుంది. అందుకే నకిలీ సంతకాలకూ ఆశ ఎక్కువే. సంతకం కిందున్న కాగితం నూగు చెదిరిందా, పాత సంతకాన్ని రుద్ది కొత్తది వేశారా అని భూతద్దంతో చూడండి.

షీట్లు వేరు చేసే ముందు పాత కవరు, శీర్షిక పేజీ ఉన్నాయేమో ఇల్లంతా వెతకండి. అవి దొరికితే ప్రతులు ఎక్కడినుంచి వచ్చాయో ఇంకెవరూ ప్రశ్నించరు.

ప్రశ్న: వేలం సంస్థ 3,000–5,000 డాలర్ల అంచనా ఇచ్చింది. నా చేతికి ఎంత వస్తుంది? రిజర్వ్ ఎంత పెట్టమనాలి?

జవాబు: లెక్క తేలిగ్గా అర్థం కావడానికి కొన్ని అంకెలు ఊహిస్తాను, మీ ఒప్పందంలోవి వేరుగా ఉండవచ్చు. పాట 4,000 దగ్గర ఆగిందనుకోండి. కొన్నవారు దానిపైన 25 శాతం ప్రీమియం కలిపి 5,000 కడతారు. ఆ వెయ్యీ సంస్థదే, మీకు రాదు. మీ 4,000లోంచి 10 శాతం అమ్మకపు కమిషన్, అంటే 400 పోతుంది. బీమా 1.5 శాతం అయితే 60. పట్టికలో ఫొటోకు 50. చేతికి వచ్చేది 3,490. పత్రికల్లో '5,000కు అమ్ముడైంది' అని చదివి మీ ప్రతికి అంత ఆశించేవారు ఇక్కడే పొరపడతారు. కమిషన్, ఫొటో రుసుము మాట్లాడుకుంటే తగ్గుతాయి. అమ్ముడుపోకపోతే ఎంత కట్టాలో కూడా సంతకం పెట్టకముందే అడగండి. డబ్బు సాధారణంగా వేలం జరిగిన నెల దాటాక వస్తుంది.

రిజర్వ్ అంటే అంతకంటే తక్కువకు అమ్మని కనీస ధర, మన వేలంపాటల్లో సర్కారు పాట లాంటిదే, కాకపోతే దాన్ని బయటికి చెప్పరు. అది కింది అంచనాను దాటకూడదన్నది ఆనవాయితీ. మీ విషయంలో 3,000కు మించి పెట్టడం కుదరదు. 2,400 దగ్గర పెట్టడం నయం. ఎక్కువ ప్రతులున్న ప్రింట్‌కు గట్టి రిజర్వ్ పెట్టి వెనక్కి తెచ్చుకునేకంటే ఇది మేలు.

ఏ వేలంలో పెడుతున్నారన్నదీ చూడండి. న్యూయార్క్‌లోని స్వాన్ గ్యాలరీస్ లాంటి చోట్ల అమెరికన్ ప్రింట్ల వేలాలు క్రమం తప్పక జరుగుతాయి, మారిన్‌ను కొనేవారు వాటిని ఎదురుచూస్తూ ఉంటారు. అదే ప్రింట్‌ను ఫర్నిచరు, వెండి గిన్నెల మధ్య ఇంటి సామాన్ల వేలంలో పెడితే సగం ధరకే పోవచ్చు. ఒకే వేలంలో అదే బొమ్మ ఇంకో ప్రతి ఉందేమో అడగండి. ఉంటే మీది తర్వాతి వేలానికి జరిపించండి.

ప్రశ్న: బీమా కోసం 6,000 అని రాసిచ్చారు, వేలం వాళ్లు 2,500 అంటున్నారు. ఎవరి మాట నిజం?

జవాబు: ఇద్దరిదీ. బీమా విలువ అంటే ఆ ప్రతి పోతే అలాంటిదే ఇంకోటి దుకాణంలో వెంటనే కొనడానికి అయ్యే ఖర్చు. వేలం అంచనా అంటే అమ్మితే పలకగల ధర. రెండింటి మధ్య రెట్టింపుకు పైగా తేడా మామూలే. అప్రైజర్‌ను (విలువ కట్టే నిపుణుడిని) ఎంచుకునేటప్పుడు తన ఫీజును వస్తువు విలువలో శాతంగా అడిగేవారి దగ్గరికి వెళ్లవద్దు, విలువ పెంచి రాస్తే వారికే లాభం.

మ్యూజియంకు దానంగా ఇచ్చి అమెరికా పన్నులో మినహాయింపు కోరితే, 5,000 డాలర్లు దాటిన వస్తువుకు అర్హుడైన అప్రైజర్ నివేదిక ఉండాలి, పన్ను శాఖ ఫారం 8283 జతచేయాలి. నివేదిక దానం తేదీకి 60 రోజుల ముందుకంటే పాతది కాకూడదు. కళావస్తువు విలువ 20,000 లేదా అంతకు మించితే నివేదిక మొత్తం రిటర్న్‌తో పంపాలి. వారసత్వంగా వచ్చినదాన్ని అమ్మితే లాభం లెక్కించేది సాధారణంగా పాత యజమాని చనిపోయిన నాటి విలువ నుంచి. ఏడాది దాటి ఉంచుకున్న కళావస్తువుల లాభం మీద ఫెడరల్ పన్ను గరిష్ఠంగా 28 శాతం దాకా ఉంటుంది, షేర్లకున్న తక్కువ రేటు వర్తించదు. అందుకే తాతగారి షీట్లు దొరికినవారు యజమాని పోయిన నాటి విలువను ఇప్పుడే రాయించి పెట్టుకోవాలి.